పొయ్యి వైపు, కిటికీల వైపు

వెస్ట్ హార్లో, వెర్మాంట్
అక్టోబర్ 19, 1997

అర్మాండ్ బావకి,

పత్రికలోంచి కత్తిరించి నువ్వు పంపిన కాగితం అందింది. ఏ రాష్ట్రంలో బతుకు సుఖమో యాభై రాష్ట్రాలకీ మార్కులు వేసి వరస కట్టారట. మీ ఫ్లోరిడా పై వరసల్లో మెరుస్తోంది. వెర్మాంట్ ఎక్కడుందా అని వెతికితే మడత కింద దొరికింది. పక్కనే ఎర్ర సిరాతో గీత గీసి "చూశావా బావా" అని రాశావు. ముప్పై ఏళ్లు మంచు తోసే బండి నడిపిన చేతికి గీత అంత తిన్నగా రావడం చూసి సంతోషించాను.

ఆ పట్టిక కట్టిన మహానుభావుడు దేన్ని కొలిచాడో చూశావా? ఎండ కాసే రోజులు. గోల్ఫ్ మైదానాలు. సముద్రపు ఒడ్డు ఎన్ని మైళ్లు. ఎండలోనే సుఖం ఉంటే ఎడారి ఒంటెలన్నీ ఈపాటికి తత్వవేత్తలై ఉండాలి. నలభై ఏళ్లుగా చరిత్ర చదువుతున్నాను. వెచ్చటి దేశాల్లో రాజులు బాగా బతికారని ఉంది కానీ మనుషులు బాగా బతికారని ఎక్కడా లేదు.

నా కొలత వేరు. ఒక మనిషి చెయ్యి ఎత్తితే దాన్ని లెక్కపెట్టే చోటు ఉందా లేదా, అంతే. మన ఊరి జనాభా ఆరు వందల నలభై. మార్చి నెల మొదటి మంగళవారం ఊరంతా హాల్లో కూర్చుంటుంది. కొత్త బండి కొనాలా, వంతెన బాగు చెయ్యాలా అన్నది అక్కడే తేలుతుంది. గొంతుల్ని బట్టి తేలకపోతే లేచి నిలబడతాం. ఔనన్నవాళ్లు కిటికీల వైపు, కాదన్నవాళ్లు పొయ్యి వైపు. తలలు లెక్కపెడతారు. మీ రాష్ట్రంలో ఎవరైనా నీ తల లెక్కపెట్టారా, జనాభా లెక్కలవాళ్లు తప్ప?

నువ్వు ఏ వైపు నిలబడ్డావో నేను మరిచిపోలేదనుకో. 1967. మన ఊరి హైస్కూలు మూసేసి పిల్లల్ని బస్సులో ఇరవై రెండు మైళ్లు పంపాలా అన్న రోజు. నా పక్కన పొయ్యి వైపు ముప్పై తొమ్మిది మంది ఉన్నారు. స్వయానా నా చెల్లెలి మొగుడు కిటికీ దగ్గర నిలబడి బయట మంచు చూస్తున్నాడు. నేను పాఠాలు చెప్పే బడి నాలుగు తలల తేడాతో పోయింది. ఆ తర్వాత పందొమ్మిదేళ్లు ఆ ఇరవై రెండు మైళ్లూ నేనూ తిరిగాను, నువ్వు తోసిన రోడ్డు మీదే.

ఇప్పుడు మళ్లీ అదే వాసన వస్తోంది. కార్ల్‌టన్ స్ప్రేగ్ ఊరి పెద్దల్లో ఒకడయ్యాడు కదా, గ్రంథాలయం మూసేసి భవనం అమ్మేద్దామంటున్నాడు. వారానికి మూడు రోజులు జీతం లేకుండా తలుపు తీసి కూర్చునేది నేను. అమ్మేదెవరో చూస్తాను.

చెల్లి థెల్మాకి ఆశీస్సులు. దగ్గు ఎలా ఉందో రాయమను.

ఆల్డెన్

పెలికన్ బెండ్, ఫ్లోరిడా
నవంబర్ 4, 1997

బావా,

ఒంటెల సంగతి మీ చెల్లెలికి చదివి వినిపించా. "అన్నయ్య బాగానే ఉన్నాడన్నమాట" అంది. నువ్వు తిట్టకుండా ఉత్తరం రాస్తే జ్వరమేమోనని కంగారు పడుతుంది.

ఇవాళ పొద్దున్నే బనీను, నిక్కరుతో వాకిట్లోకెళ్లి పేపరు తెచ్చుకున్నా. నవంబరు నాలుగు. నువ్వు ఈపాటికి మూడు చొక్కాలు తొడుక్కుని, పొయ్యిలోకి కట్టెలు తోస్తూ, రోమ్ ఎలా కూలిందో చదువుతుంటావు. చలికి కూలిందని ఎక్కడైనా రాశారేమో చూడు.

నువ్వు కొలిచేది చేతులు. నేను కొలిచేది నిమిషాలు. పోయిన నెల మీ చెల్లెలికి ఊపిరి అందలేదు. ఫోన్ చేస్తే తొమ్మిది నిమిషాల్లో అంబులెన్స్ వాకిట్లో ఉంది. మన ఊళ్లో అయితే ఆస్పత్రి యాభై మైళ్లు. ముందు రోడ్డు మీద మంచు తొయ్యాలి, తోసేవాణ్ని నిద్ర లేపాలి. ఆ లేపాల్సినవాణ్ని నేనే కదా ముప్పై ఏళ్లు. ఎంతమందికి నేను ఆలస్యంగా వెళ్లానో నువ్వు పుస్తకాల్లో చదివి ఉండవు.

ఇక్కడ సుఖమే. కాకపోతే కాలనీ సంఘం వాళ్లు ఒక కాగితం పంపారు. నా పికప్ బండి వాకిట్లో కనిపించకూడదట, చూసేవాళ్లకి బాగుండదట. రేకుల ఇళ్ల కాలనీ బావా ఇది, ఏమన్నా కోటా? బండి వెనక సందులో పెట్టా. సందులో పెట్టకూడదని ఇంకో కాగితం వచ్చింది. ఈ సంఘం అంటే ముగ్గురు. నేను వచ్చి మూడేళ్లయింది, ఒక్కడి మొహమూ చూడలేదు.

పోయిన వేసవిలో అక్కడ చెరువు ఒడ్డున మా క్యాబిన్‌కి రాలేకపోయాం, ఈవిడ దగ్గు వల్లే. దాని కప్పు మీద మంచు పేరుకుంటే దించమని ఆ డ్వేన్‌కి చెప్పు. చెరువు దారి మొదట్లో తూము కూడా చూడమను. ఆకులు అడ్డం పడితే వసంతంలో దారి కొట్టుకుపోతుంది.

స్కూలు సంగతి మళ్లీ ఎత్తావు. ముప్పై ఏళ్లయింది. అంత పాత పాకం పులిసి ఉంటుంది, పారబొయ్యి.

అర్మాండ్

వెస్ట్ హార్లో
డిసెంబర్ 14, 1997

అర్మాండ్ బావకి,

పాకం పులవలేదు. గడ్డకట్టింది. గడ్డకట్టినది వెయ్యేళ్లైనా ఉంటుంది.

నీ తర్వాత రోడ్డు పని చేపట్టిన డ్వేన్‌కి తూము అన్న మాట చెబితే నా మొహంలోకి చూశాడు. కుర్చీలో కూర్చుని బండి నడపడం తప్ప దిగడం రాదు వాడికి. మొన్న నా దారి తోస్తూ తపాలా డబ్బా ఎగరగొట్టి, దిగి చూడకుండా పోయాడు. మంచులో మోకాళ్ల మీద కూర్చుని డబ్బా తవ్వుకుంటే నీ తిన్నటి చేతిరాత లోపల ఉంది, కొత్త పోస్టుకార్డు, దాని మీద పెలికన్ పక్షి. ఆ పక్షి మొహం చూస్తే కార్ల్‌టన్ స్ప్రేగ్ గుర్తొచ్చాడు.

నీ తొమ్మిది నిమిషాల సంగతి గురించి రెండు రోజులు ఆలోచించాను. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదని ఒప్పుకోవడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు కాబట్టి ఈ వాక్యాన్ని దాచుకో, ఇంకోసారి దొరకదు.

అయినా ఒకటి అడుగుతాను. ముగ్గురు కనబడని మనుషులు నీ బండి ఎక్కడ పెట్టాలో చెబితే, అదేమని అడగడానికి చోటెక్కడ ఉంది? నెత్తిన సూర్యుణ్ణి పెట్టి చేతులు కట్టేస్తే దాన్ని సుఖమంటారా?

సభకు పెట్టే అంశాలు తేలాయి, జనవరి ఆఖరులో ఆ కాగితాన్ని కొట్టు తలుపుకి అంటిస్తారు. పద్నాలుగో అంశం గ్రంథాలయం మూసివేత. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి లెక్క కట్టాను. కార్ల్‌టన్ వైపు యాభై ఎనిమిది. మనవైపు యాభై ఆరు, నడవగలిగితే ముసలి హెస్టర్ బీమన్‌తో యాభై ఏడు. ఒక్క తల దొరికితే సమానం. సమానమైతే అంశం వీగిపోతుంది, గ్రంథాలయం నిలుస్తుంది. ఆ ఒక్కటీ ఎక్కడా దొరకడం లేదు.

నువ్వు ఉంటే మాత్రం ఏం లాభం? కిటికీ దగ్గర నిలబడి మంచు చూసేవాడివి.

ఆల్డెన్

పెలికన్ బెండ్
జనవరి 6, 1998

బావా,

చాలు. ఈసారి జోకులు లేవు. ముప్పై ఏళ్లు నోరు మూసుకున్నా, ఇవాళ చెప్తా.

మా లూసీల్‌కి అప్పుడు పద్నాలుగేళ్లు. లెక్కలంటే పడి చచ్చేది. మీ బడిలో లెక్కల మేష్టారు వెళ్లిపోతే బీజగణితం చెప్పిందెవరు? నువ్వు. చరిత్ర చదివిన నువ్వు. పిల్ల ఇంటికొచ్చి "మావయ్య నాకంటే ఒక్క పేజీ ముందున్నాడు నాన్నా, కొన్ని రోజులు అదీ లేదు" అనేది. నవ్వుతూ అనేది కాదు. రసాయనశాస్త్రానికి మీ బడిలో ఒక బల్లా, పగిలిన రెండు గాజు గొట్టాలూ ఉండేవి.

అందుకే కిటికీ వైపు నిలబడ్డా. మంచు చూడలా. నీ మొహం చూడలేక బయటికి చూశా. ఇంట్లో మీ చెల్లెలు నాతో పదకొండు రోజులు మాట్లాడలా. లూసీల్ ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలో పెద్ద రసాయన నిపుణురాలు, నీకు తెలుసు. ఎందుకయిందో మాత్రం నువ్వు ఒక్కసారి అడగలా. నేను ఎక్కడ నిలబడ్డానో లెక్కపెట్టుకున్నావు, ఎందుకు నిలబడ్డానో అడగలా. అది కూడా రాయి నీ వెర్మాంట్ గొప్పల్లో. తలలు లెక్కపెడతారు, అంతే, లోపల ఏముందో అడగరు.

సరే, ఇది విను. పోయిన వారం సూపర్ మార్కెట్ బయట కాలు జారి పడ్డా. దెబ్బేం లేదు. ఎవరో పిల్లవాడు లేవదీసి "ఎవరికైనా ఫోన్ చెయ్యాలా సార్" అన్నాడు. మంచి పిల్లాడే. ఎవరికి చెయ్యాలో తోచలా. మీ చెల్లెలి పేరు తప్ప ఈ రాష్ట్రం మొత్తంలో నాకో పేరు తెలీదు. నన్నెవరూ గుర్తుపట్టరు అన్నది మొదటేడు భలే హాయిగా ఉండేది. కొట్టుకెళ్తే రోడ్డు గుంత గురించి ఎవడూ పట్టుకునేవాడు కాదు. ఇప్పుడు ఎవడైనా పట్టుకుని తిడితే బాగుండుననిపిస్తోంది. ఈ సంగతి పత్రిక వాళ్లకి చెప్పకు.

ఆ ఒక్క తలా నేనే. మార్చి మొదటి మంగళవారం వస్తా. ఈసారి పొయ్యి వైపు.

అర్మాండ్

వెస్ట్ హార్లో
జనవరి 20, 1998

అర్మాండ్,

రావద్దు.

రోడ్లన్నీ గాజు పలకల్లా ఉన్నాయి. నీకు డెబ్బై ఐదు. థెల్మాని ఒంటరిగా వదిలి ఒక్క తల కోసం పదిహేను వందల మైళ్లు రావడం తెలివిలేని పని. గ్రంథాలయం పోతే పోనీ. ఊరు తనకి తగిన చదువునే ఉంచుకుంటుంది.

బీజగణితం సంగతి చదివాను. ఆ ఏడాది ప్రతి రాత్రీ పుస్తకం ముందేసుకుని కూర్చునేవాణ్ని. ఒక్క పేజీ ముందు ఉండడానికి ఎంత కష్టపడ్డానో ఆ పిల్లకి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆమె అన్నది నిజం.

రావద్దని మళ్లీ చెబుతున్నాను.

ఆల్డెన్

పెలికన్ బెండ్
ఫిబ్రవరి 10, 1998

బావా,

నువ్వు రావద్దన్నాక రావాలన్న పట్టుదల ఇంకా గట్టిపడింది. నలభై ఎనిమిదేళ్లుగా నువ్వు చెప్పిందానికి తలకిందులుగా చేసే బాగుపడ్డా. టికెట్ కొన్నా. సభకి ముందు ఆదివారం బర్లింగ్‌టన్‌లో విమానం దిగి బస్సెక్కుతా. జంక్షన్‌కి నువ్వు రానక్కర్లా, ఊరి గుమాస్తా పెర్ల్ వాళ్ల తమ్ముడు ఎక్కించుకొస్తానన్నాడు.

ఓటర్ల జాబితాలో నా పేరుందో లేదో పెర్ల్‌ని అడిగి చూసుకోమంటోంది మీ చెల్లెలు. నేను నవ్వా. ఆ జాబితా సంఘంలో కూర్చునేది నువ్వే, నా పేరు ఎక్కడికి పోతుంది? ఇక్కడ ఓటు రాయించుకోమని మూడుసార్లు వచ్చారు. ఒంట్లో ఉన్న చెమటంతా ఫ్లోరిడాకే ఇస్తున్నా, అదొక్కటీ ఇవ్వనన్నా. 1944లో ఊరి గుమాస్తా ముందు చెయ్యెత్తి ప్రమాణం చేశా. ఆ చెయ్యి అక్కడిదే.

నీతో ఇంకో మాట కూడా ఉంది. ఉత్తరంలో కాదు, మీ ఇంట్లో భోజనం దగ్గర చెప్తా.

అర్మాండ్

అన్నయ్యా, నేను బాగానే ఉన్నాను. పక్కింటావిడ వచ్చి పడుకుంటుంది. ఈయన్ని ఆపకు. కిందటి నెలంతా కోటు బయటికి తీసి చూసుకుంటున్నాడు. సంచిలో నారింజలు పెడుతున్నాను, మళ్లీ మొహం చిట్లించకుండా తిను. — థెల్మా

వెస్ట్ హార్లో
ఫిబ్రవరి 16, 1998

అర్మాండ్,

మందపాటి కోటు తెచ్చుకో. బూట్లు నావి ఉన్నాయి. పై గదిలో పక్క వేయించాను.

నారింజలు వద్దు.

ఆల్డెన్

పెలికన్ బెండ్
మార్చి 11, 1998

ఆల్డెన్,

క్షేమంగా చేరా. బూట్లు నీ వంటింటి తలుపు వెనక పెట్టా.

ఆ రోజు నీ ఎదురుగా ఏమీ మాట్లాడలేకపోయా. ఇప్పుడు రాస్తున్నా, ఒకసారి రాసేసి ఊరుకుంటా.

హాలు గుమ్మంలో పెర్ల్ జాబితా పెట్టుకుని కూర్చుంది. స్కేలు పెట్టి పేర్లు దింపుకుంటూ వచ్చింది. ఫాంటైన్ అన్న నా ఇంటిపేరు లేదు. మళ్లీ పై నుంచి దింపింది. "అర్మాండ్, నువ్వు లేవు" అంది. ఎదురుగా ఉన్న మనిషిని పట్టుకుని. నేను నవ్వి "ఆల్డెన్‌ని అడుగు" అన్నా. నీ వైపు చూశా. నువ్వు పొయ్యి మూత తీసి లోపలికి చూస్తున్నావు. కొత్త పేర్లకి గడువు పది రోజుల కిందటే అయిపోయిందని పెర్ల్ చెప్పింది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి, పాపం. వెనక గోడ దగ్గర బెంచీ చూపించింది, పై ఊళ్లవాళ్లు కూర్చునేది.

ఆ బెంచీ నేనే చేశా. 1958లో. ఒక కాలు కొంచెం పొట్టి, ఇప్పటికీ ఊగుతోంది.

మధ్యాహ్నం చిక్కుడుగింజలు, బ్రౌన్ బ్రెడ్డు పెట్టారు. చర్చి ఆడవాళ్లు "అతిథులకి ముందు" అని మొదటి పళ్లెం నాకిచ్చారు. ముప్పై ఏళ్లు రోడ్డు తోసొచ్చి అడుగున మాడిన గింజలు తినేవాణ్ని, ఏనాడూ బాధపడలా. ఆ మొదటి పళ్లెం మాత్రం బెంచీ మీద అలాగే పెట్టేశా.

పద్నాలుగో అంశం వచ్చినప్పుడు అందరూ లేచారు. నా కాళ్లు కూడా లేచాయి. పొయ్యి దగ్గరికి వచ్చి నీ పక్కన నిలబడ్డా. నువ్వు పక్కకి తిరగలా. సభాధ్యక్షుడు తలలు లెక్కపెట్టే కర్ర దించి "అర్మాండ్, నువ్వు కూర్చోవాలయ్యా, ఏమీ అనుకోకు" అన్నాడు. నా చెయ్యి కింద ట్రాక్టర్ నేర్చుకున్నవాడు. వెళ్లి కూర్చున్నా. బెంచీ ఊగింది. కిటికీల వైపు యాభై ఎనిమిది, పొయ్యి వైపు యాభై ఏడు.

ముప్పై ఏళ్ల తర్వాత నీ వైపు నిలబడ్డా. లెక్కలోకి రాలా.

సభ అయ్యాక మీ ఇంట్లో భోజనం దగ్గర చెప్పాలనుకున్న మాట ఇదీ. మే నెలలో వెనక్కి వచ్చేద్దామనుకున్నాం, పూర్తిగా. మీ చెల్లెలే అంది. "ఇక్కడ ఊపిరి అందుతోంది, కానీ దాన్ని ఖర్చు పెట్టి మాట్లాడేందుకు ఎవరున్నారు" అంది. క్యాబిన్‌కి కొత్త పొయ్యి పెట్టించి చలికాలానికి సిద్ధం చేద్దామనుకున్నా. అది చెప్పడానికే వచ్చా, నీ గ్రంథాలయం కోసం మాత్రమే కాదు.

ఇప్పుడు లేదు. ఊరు నన్ను తీసేసింది. తప్పు ఊరిదని కూడా అనను. మూడేళ్లు ఎండలో కూర్చున్నవాణ్ని ఎందుకు ఉంచుకోవాలి? కాకపోతే ఒక్క మాట ముందు చెబితే పోయేది. రేపు ఇక్కడ ఓటు రాయించుకుంటా. క్యాబిన్ అమ్మకానికి పెట్టమని జంక్షన్‌లో ఏజెంటుకి రాశా. నీ కొలతలో నువ్వే ఓడిపోయావు బావా. ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు, కానీ వాళ్లకి ఎప్పుడూ తెలీదు.

అర్మాండ్

వెస్ట్ హార్లో
ఏప్రిల్ 12, 1998

అర్మాండ్ బావకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. ఇది ఐదోది. చదివినవాడికి మాటలకు కొదవ ఉండదని లోకం అనుకుంటుంది. కొదవ లేకపోవడమే చిక్కు. ప్రతి మాటా ఏదో ఒక సాకులా తయారవుతోంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్ను తీసేసింది ఊరు కాదు. నేను.

పోయిన ఏడాది జనవరిలో జాబితా సంఘం కూర్చుంది. ఊళ్లో ఉన్నారో లేదో తెలియనివాళ్లకు ఉత్తరం పంపి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే పేరు కొట్టెయ్యాలి. నీ పేరు వచ్చింది. "ఉత్తరం నేను పంపుతాను, మా బావేగా" అన్నాను. ఆ వారమే నీ ఫోటో వచ్చింది. నిక్కరుతో నారింజ చెట్టు పక్కన నిలబడ్డావు. వెనక "నీ పొయ్యి ఎలా ఉంది బావా" అని రాశావు. ఆ వేళ నా పొయ్యి గొట్టం పగిలి, వంటింటి నిండా పొగ. తడి కట్టెలు. మూడు రోజులుగా జ్వరం. ఫోటో చూస్తూ కవరు మీద చిరునామా రాశాను. చెరువు దారి, క్యాబిన్, వెస్ట్ హార్లో.

జనవరిలో ఆ క్యాబిన్‌లో ఎలుకలు తప్ప ఎవరూ ఉండరని నాకు తెలుసు. పెలికన్ బెండ్ చిరునామా నాకు కంఠతా వచ్చు. అదే రోజు, అదే కలంతో, నీ నారింజ చెట్టును వెక్కిరిస్తూ ఉత్తరం రాసి ఆ చిరునామాకే పంపాను. అది నీకు మూడు రోజుల్లో చేరింది. ముప్పై రోజులు అయ్యాక ఎర్ర పెన్సిలు తీసి నీ పేరు కొట్టేశాను. చట్టప్రకారం తప్పు పట్టడానికి వీల్లేదు. 1967కి బదులు తీరిందనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇది రాయకుండా ఉండగలిగేవాణ్నే.

నువ్వు వస్తానన్న ఉత్తరం అందేసరికి గడువుకి ఇంకా ఆరు వారాలుంది. పెర్ల్‌కి ఒక్క మాట చెప్పి, నీకు ఒక్క కాగితం పంపితే సరిపోయేది. అప్పుడు ఎలా పోయిందో చెప్పాల్సి వచ్చేది. రావద్దని రాశాను. నువ్వు ఏనాడైనా నా మాట విన్నావా? నా గ్రంథాలయాన్ని కార్ల్‌టన్ మూయలేదు. నేనే మూశాను, నోరు మూసుకుని. రోమ్ ఎలా కూలిందని అడిగావు కదా.

మొన్న పెర్ల్‌కి చెప్పాను. సభ పుస్తకం తెరిచి "యాభై ఏడు" అంది. అంతే. సంఘానికి రాజీనామా ఇచ్చాను. నా చోట పెర్ల్ తమ్ముణ్ని వేశారు. వాడికి మనిద్దరిలో ఎవరన్నా పట్టింపు లేదు కాబట్టి న్యాయంగా ఉంటాడు. గ్రంథాలయం పుస్తకాలు పెట్టెల్లో కడుతున్నాను. అలమరాల వెనక లూసీల్ బీజగణితం పుస్తకం దొరికింది. అంచుల్లో పెన్సిలుతో నా తప్పులు దిద్ది ఉన్నాయి. ఆమెకు పంపుతున్నాను.

ఆ పత్రికవాడు వెర్మాంట్‌ని మడత కింద పెట్టాడని ఎగిరాను. వాడికి నా సంగతి ఎవరో చెప్పి ఉండాలి.

నిన్న బురదలో చెరువు దారికి నడిచాను. మోకాలి దాకా దిగబడ్డాను. నీ తూము పూడుకుపోయింది, నీళ్లు దారి మీద నుంచే పోతున్నాయి, సగం రోడ్డు కోసుకుపోయింది. దాటి వెళ్లి నీ తపాలా డబ్బా తెరిచాను. ఆ కవరు అక్కడే ఉంది. ఒక మూల ఎలుకలు కొరికాయి. విప్పలేదు. ఇందులో పెట్టి పంపుతున్నాను. లోపల ఒక్కటే ప్రశ్న ఉంటుంది, ఇప్పటికీ ఈ ఊరివాడివేనా అని. ఔను, కాదు అని రెండు గళ్లు. ముప్పై రోజుల గడువు.

నువ్వు కాదు అని గీసినా నాకు అడిగే హక్కు లేదు. ఈసారి మాత్రం చిరునామా సరిగ్గా రాశాను.

ఆల్డెన్

పెలికన్ బెండ్
ఏప్రిల్ 20, 1998

ఆల్డెన్,

కవరు చేరింది. మీ చెల్లెలు నీ ఉత్తరం రెండుసార్లు చదివి ఆరుబయట కూర్చుంది. నీకేమీ రాయనంది. పదకొండు రోజులు పట్టొచ్చు, నాకు అనుభవం ఉంది.

ముప్పై రోజుల గడువు అన్నావు. ముప్పయ్యో రోజున గీస్తా. అందాకా నువ్వు కూడా డబ్బా తెరిచి చూసుకుంటూ ఉండు, ఎలా ఉంటుందో తెలుస్తుంది.

తూము దగ్గర డ్వేన్‌ని కంకర పొయ్యనివ్వకు. వాడు పై నుంచి పోసేస్తాడు. ముందు ఇనప కడ్డీతో అవతలి వైపు నుంచి ఆకులు లాగాలి, నీళ్లు పోయాకే కంకర. పద్దెనిమిది అంగుళాల గొట్టం అది. ఎంత కోసుకుపోయిందో నిలబడి కొలిచి రాయి.

అర్మాండ్